మిస్సింగ్

ముప్పై ఒక్క ఏళ్ళుగా
స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి
ఇంజిన్ల గుండెలు విన్నవాణ్ణి.
ఫిషింగ్ హార్బర్‌లోకి ఏ బోటు తిరుగుతున్నా
జెట్టీ మీద కళ్ళు మూసుకునే చెప్పేస్తాను
ఏ సిలిండర్ అలిగిందో
ఏ నాజిల్ ఉమ్మేస్తోందో.

నాది నాకు వినబడలేదు.

పోయిన కార్తీకంలో ఓ రాత్రి
ఎడమవైపు ఒత్తిగిలితే దిండులోంచి వచ్చింది చప్పుడు.
రెండు దెబ్బలు. ఓ ఖాళీ.
ఆ వెనకే
వల విదిలిస్తే పడ్డ కవళ్ళలా
గజిబిజిగా ఏడెనిమిది.
లేచి కూర్చున్నాను.
డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్
ఒక్క లెక్కా తప్పకుండా తిరుగుతోంది.
దాన్ని చూస్తే ఒళ్ళు మండింది.

కేజీహెచ్‌లో ఛాతీకి వైర్లు అంటించి
నడుముకి చిన్న డబ్బా కట్టి
కాగితం ఇచ్చారు, ఏ గంటకి ఏం చేశానో రాయమని.
రాశాను.
ఆరింటికి టీ.
ఏడున్నరకి తాతీలు బోటు గేర్‌బాక్స్ దించాం.
పదకొండుకి తాతీలుతో డబ్బుల గొడవ.
మూడింటికి ఏమీ లేదు, సముద్రం చూశాను.
మర్నాడు డబ్బా చెప్పిందట
ఎక్కువ తప్పింది మూడింటికేనని.

డాక్టరమ్మ సువర్చల ఆ కాగితం వెనకే బొమ్మ గీసింది.
పై గదులు రెండూ వణుకుతున్నాయి, కొట్టుకోవడం లేదు.
అక్కడ నెత్తురు నిలబడితే గడ్డ కట్టొచ్చు,
ఆ గడ్డ తలకెక్కితే...
పెన్ను అక్కడ ఆపింది.

నెత్తురు పల్చబరిచే మాత్ర, రోజూ, బహుశా ఎప్పటికీ.
మత్తిచ్చి ఛాతీ మీద కరెంటు,
దారిలోకి రావచ్చు, వచ్చి మళ్ళీ తప్పొచ్చు.
లేదంటే తొడ దగ్గర నరంలోంచి తీగ పంపి
దొంగ నిప్పురవ్వ పుట్టేచోట కాల్చడం.
నూటికి ఎందరికి నయమవుతుందో చెప్పింది.
ఆ నూరుగురిలో నేనెవరినో చెప్పలేదు.

ఇంజిన్ ఆపకుండానే కాలుస్తారా అనడిగాను.
ఆపకుండానే, అని నవ్వింది.
నడుస్తున్న ఇంజిన్లో నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు.
పెట్టినవాళ్ళ వేళ్ళు చూశాను.

మాత్రతో మొదలెట్టాను.
మెకానిక్ చేతులు, రోజుకో గీత పడాల్సిందే.
ఇదివరకు కాస్త గ్రీజు పూస్తే ఆగిపోయేది.
మొన్న పానా జారి బొటనవేలు తెగితే
ఒక గుడ్డ తడిసింది, ఇంకో గుడ్డ తడిసింది.
"ఏటి మావా, వాషర్ పోయినట్టుంది" అన్నాడు దానయ్య,
పద్దెనిమిదేళ్ళ వెధవ, మొహం తెల్లబోయి.
నూకాలు పూర్ణా మార్కెట్‌కెళ్ళి గ్లౌజులు తెచ్చింది.
వేసుకుంటే
బోల్టు బిగిసిందో లేదో వేళ్ళకి తెలీదు.

"కాల్పించేసుకో" అంటుంది నూకాలు
ఎండుచేపల గంప దించుతూ.
"రోజూ సచ్చి బతికే కన్నా ఒక్కసారి..."
మాట మింగేసి
"ఒక్కసారి సూపించేసుకో" అంటుంది,
చూపించి నాలుగు నెలలైన సంగతి తెలిసీ.

ఏప్రిల్ పదిహేను వస్తోంది, వేట నిషేధం.
చేపలు గుడ్లు పెట్టుకోడానికి
అరవై ఒక్క రోజులు సముద్రానికి సెలవు.
నాకు అప్పుడే పని,
విప్పాల్సిన ఇంజిన్లన్నీ నా చుట్టూ నోళ్ళు తెరుచుకుంటాయి.
డాక్టరమ్మ తేదీ ఇస్తానన్నదీ ఆ రోజుల్లోనే.

తాతీలుతో చెప్పాను,
ఈసారి నీ బోటు చెయ్యలేనేమో, నాదే విప్పాలి.
వాడు చాలాసేపు వలల వైపు చూశాడు.
"ఎవరు సేత్తారు?"
ఒకామె.
"సెయ్యి మంచిదేనా?"
చూడలేదు. గోళ్ళు మాత్రం పొట్టిగా కత్తిరించుకుంది.
ఆమాత్రం చాలన్నట్టు
బీడీ నీళ్ళలోకి విసిరాడు.

నేనింకా సంతకం పెట్టలేదు.
కాగితం టూల్ బాక్సులో ఉంది,
పదిహేడో నంబరు పానా కింద.
రోజుకి నాలుగుసార్లైనా ఆ పానా తియ్యాలి.